క్రెయిగ్‌డోరన్ దుర్గమున లఘుశంకా సమరము

స్వస్తి! ఏ దేశమున వేసవి పంచాంగమునందు మాత్రమే కాపురముండి ఆకసమున కాలు మోపుటకు వెనుదీయునో; ఏ దేశమున వాన పైనుండి క్రిందికే గాక పడమటినుండి తూర్పునకును, గాలి పంతము పట్టినచో క్రిందినుండి పైకిని కురియునో; ఏ దేశమున ప్రతి గుట్టపైని ఒక కోటయు, ప్రతి కోట చుట్టును ఒక గొర్రెల మందయు, ప్రతి గొర్రె ముఖమునను రాజ్యములు పుట్టి గిట్టుట చూచి విసిగిన వైరాగ్యమును వెలయుచుండునో, అట్టి స్కాట్లండు దేశమున, ఉత్తర సముద్రము రేయింబవళ్లు తిట్టి తిట్టి అరుగదీసిన ఫైఫ్ సీమలో, కర్కాడీ పురమున, జూలై మాసపు తడిసిన ప్రాతఃకాలమొకదానియందు, పాదరక్షా విక్రేతలలో అగ్రగణ్యుడును, శిథిల దుర్గ దర్శన దీక్షాపరుడును, శంకా సహస్ర సముద్రుడును అగు డూగల్ ఆబర్‌నెతి దిగ్విజయ యాత్రకు బయలుదేరెను.

ఈ డూగల్ సామాన్యుడు కాడు. ఊరి పెద్దవీధిలో అతనికొక జోళ్ల దుకాణము గలదు. అందడుగిడిన వాని కుడికాలికి క్రొత్త జోడు తొడిగి, ఎడమకాలిని రెండు చేతులం బట్టి, ఆ కాలు విడువకయే అతడు స్కాట్లండు రాజుల వంశావళిని ఆద్యంతము వినిపించును. కాలు చిక్కినవాడు ఎక్కడికి పోగలడు? కర్కాడీ జనులలో పలువురు చిల్లుపడిన జోళ్లతోనే వానకాలము గడుపుటకు ఇదియే కారణమని వాడుక.

ఇక కోటకేగెనా, అక్కడి మార్గదర్శి నోరు తెరచుటయే తడవుగా "నాదో చిన్న సందేహం" అని చేయెత్తును. ఆ శంకకు సమాధానము రాగానే దానికొక పిల్లశంక పుట్టును. ఆ పిల్లకు మరల పిల్లలు. వెనుకనున్న యాత్రికులు కాళ్లు మార్చి మార్చి నిలుచుందురు, శిశువులు ఏడ్తురు, మార్గదర్శి కంఠము బొంగురుపోవును. డూగల్ మాత్రము ఉదయభానునివలె వెలుగుచుండును.

అతని ధర్మపత్ని ఎఫీ. ఆమె పెండ్లియైన నాటినుండి భర్తవెంట ఎక్కని బురుజు లేదు, చూచి సంతోషించిన బురుజు ఒక్కటియు లేదు. కోటలోనికి పోవగానే కూర్చుండుటకు పొడిగానున్న రాయి యెక్కడనున్నదో వెదకుట ఆమె విద్య. ఎఫీ తమ్ముడు గ్రెగర్ రథసారథి. అనగా కారు అతనిదే. ఆ స్థూలకాయుని హృదయము మాంసపు పై యను వేడి వేడి భక్ష్యమునందు లగ్నమై యుండును. కోటల యెడ అతనికి గల భావము ఒక్కటే: ఏ కోటలోనైనను తినుబండారములు అమ్ముచోటు ఎటు?

మువ్వురును మొదట డన్‌ఫర్మ్‌లిన్ రాజనగరమున ప్రాచీన భూపతుల సమాధులకు నమస్కరించిరి. పిదప లిన్‌లిత్‌గో చేరి, పైకప్పు లేని రాజప్రాసాదమున, రాజులు విందులు గుడిచిన మహాశాల నడుమ, గొడుగుల క్రింద నిలిచిరి.

"బావా, టికెట్ కొని లోపలికొచ్చాం. లోపల కూడా వానే పడుతోంది. ఇదేం న్యాయం?" అని గ్రెగర్ అడిగెను.

"ఇక్కడే జేమ్సు మహారాజు పుట్టాడ్రా," అని డూగల్ గద్గదస్వరమున పలికెను.

"ఏ జేమ్సు? ఎవర్నడిగినా జేమ్సే. ఒక్క రాజుకైనా వేరే పేరు పెడదామని చెప్పడానికి వాళ్లింట్లో పెద్దవాళ్లే లేరా?"

స్టర్లింగ్ కొండకోట మీద డూగల్ శంకలు వేయుచుండగా అక్కడి మార్గదర్శి కండ్లలో నీరు తిరిగెనని, అది గాలివలన కాదని ఎఫీ చెప్పును. ఆ పురాణమిక్కడ అప్రస్తుతము. అసలు కురుక్షేత్రము మరునాటి క్రెయిగ్‌డోరన్.

సముద్రముపైకి మెడ చాచిన నల్లని కొండకొమ్మున నిలుచున్నదా దుర్గము. దాని పైయంతస్తున ఒక రాణిగారి చిత్రశాల గలదు. ఆ గది కొయ్యకప్పు నిండ వన్నెవన్నెల బొమ్మలు. గాలి సోకిన రంగు రాలునని ఏడాదికొక్క దినము మాత్రమే దాని తలుపు తెరతురు. బాలుడైన డూగల్ పాఠశాలలో ఆ కప్పు ఛాయాచిత్రమును చూచి, లెక్కల పాఠము నడుచుచుండగా దానినే తలంచి, బెత్తపు దెబ్బలు తినియుండెను. అది మొదలు ప్రతి యేడును ఆ దినమునకై కాచుకొనుట, ప్రతి యేడును ఏదో విఘ్నము: ఒకసారి జ్వరము, ఒకసారి కుమార్తె వివాహము, ఒకసారి గ్రెగర్ కారు వాగులో దిగబడుట. ఈ యేడు ఏ విఘ్నమును లేదు. అట్లని అతడు తలంచెను.

కోట వాకిట వరుసలో మొదటివాడుగా నిలువవలెనని డూగల్ సంకల్పము. మార్గదర్శి మోచేతిప్రక్కన నిలిచినగాని శంకలకు న్యాయము జరుగదు గదా! అందుచే ద్వారము తెరచుటకు ఎంతో ముందే వచ్చి, ఈదురుగాలిలో శిలావిగ్రహమువలె నిలిచి, చలి తీరుటకై ఫ్లాస్కులోని తేనీటిని మూతవెంట మూత సేవింపజొచ్చెను. అది ముగియగా ఎఫీ వంతు తేనీటిని సేవించెను. అదియు ముగియగా గ్రెగర్ తెచ్చిన నారింజవన్నె సోడాను సేవించెను.

"చాలు డూగల్," అని ఎఫీ హెచ్చరించెను. "కారు ఆపిన చోట బాత్రూం ఉంది. ఒకసారి వెళ్లొచ్చేయ్. లోపల ఎంతసేపో ఏమో."

"వెళ్తే నా చోటు పోతుంది. ఆ వెనకున్న ఎర్రటోపీ ఆయన నా వైపే చూస్తున్నాడు, ఎప్పుడు కదుల్తానా అని."

"నీ చోటు నేను కాస్తాలే."

"ఎఫీ, ముట్టడిలో ఉన్న సైనికుడు గోడ వదిలి పోతాడా?"

"ముట్టడిలో ఉన్న సైనికుడు కడివెడు టీ తాగడు," అని ఎఫీ మొగము త్రిప్పుకొనెను. ఆహా! హితవు విననివారి కథలే గదా వీరగాథలగుచున్నవి!

ద్వారము తెరచుకొనెను. తాళపుచెవుల గుత్తి నడుమున గలగలలాడ, నిటారైన వృద్ధనారి యొకతె ప్రత్యక్షమయ్యెను. ఆమె శ్రీమతి ఓగిల్వీ, ఆ దుర్గమునకు మార్గదర్శిని, కంఠమున భేరీనాదము గలది.

"అందరూ వినండి. ఒక గది దాటగానే వెనక తలుపుకి తాళం వేసేస్తాను. పైన రంగులు గాలికి పాడవుతాయి కాబట్టి. మధ్యలో వెళ్లిపోవాలనుకున్నవాళ్లకి పక్క బురుజులో మెట్లదారి ఉంది, హాయిగా వెళ్లొచ్చు. మళ్లీ లోపలికి రావడం మాత్రం వచ్చే ఏడే."

డూగల్ ఆ మాటకు మందహాసము చేసెను. మధ్యలో వెడలు మూఢుడెవ్వడు?

మొదటి గది వంటశాల. అందు డూగల్ యథాప్రకారము రెండు శంకలు వేసి మార్గదర్శినిని మెప్పించెను. మూడవ శంకకై చేయెత్తబోవుచుండగా, నాభికి దిగువ ఎక్కడనో, లోయలో వినవచ్చు తొలి నగారావలె, ఒక సన్నని పోటు పొడమెను. ఎత్తిన చేయి మెల్లగా దిగెను. ఆజన్మము పరులను శంకలతో వేధించిన వానిని నేడు శంకయే వేధింప గడంగెను, అదియు లఘుశంక.

రెండవ గదిలో నుయ్యి యుండెను.

"కోట మొత్తానికి ఇదే నీళ్ల ఆధారం," అని శ్రీమతి ఓగిల్వీ చెప్పసాగెను. "ముట్టడి రోజుల్లో కూడా ఇందులో ఊట ఆగలేదు. చెవి పెట్టి వినండి, ఇప్పటికీ వినిపిస్తుంది. గలగల, గలగల..."

అందరును చెవులొగ్గిరి. డూగల్ కనులు మూసికొనెను. గ్రెగర్ ఒక గులకరాతిని నూతిలో జారవిడిచెను. క్షణకాలము నిశ్శబ్దము. అటుపిమ్మట పాతాళమునుండి "బుడుంగ్" అను శబ్దము వెడలి, ఆ రాతిగోడల తాకి, పదిరెట్లై, డూగల్ మోకాళ్లలో ప్రవేశించెను.

ఆ సూక్ష్మ కంపనమును బావమరిది కనిపెట్టెను. ఎట్లు కనిపెట్టకుండును? నలుగురిలో బావను ఏడ్పించు అవకాశము కొఱకు చిరకాలముగా తపస్సు చేయుచున్నవాడాయె.

"ఏం బావా, కాళ్లు మెలేసుకున్నావ్? డాన్సు నేర్చుకుంటున్నావా?" అని చెవిలో ఊదెను.

"నోర్ముయ్."

"అర్జెంటా?"

"ఏం లేదన్నాగా."

"అయితే బయట సముద్రం ఎంత బావుందో చూడు. కెరటాలు ఎలా ఎగిసెగిసి..."

"ఒరేయ్ గ్రెగర్," అని డూగల్ పండ్లబిగువున పలికెను, "నువ్వు మా ఎఫీ తమ్ముడివి కాకపోతే ఆ నూతిలో నీకు కూడా చోటుంది."

మూడవ గది, నాలుగవ గది. ఏ గదికేగినను కథ జలమయమే! ఇచ్చట శత్రువుల నెత్తిన సలసల కాగిన నీరు కుమ్మరించిరి. అచ్చట గోడనుండి సింహముఖము నోట వాననీరు ధారగా జారుచున్నది. ఈ కందకమునకు గట్టు తెగి ఊరెల్ల మునిగెను. డూగల్ మొగము మొదట ఎర్రనై, పిదప తెల్లనై, తుదకు కోటగోడల బూడిదవన్నె దాల్చెను. కంటికొలకుల నీరు నిలిచెను. అది గాంచి శ్రీమతి ఓగిల్వీ హృదయము ద్రవించెను. ఇన్నాళ్ల సేవలో, గట్టు తెగిన కథకు ఇట్లు కన్నీరు పెట్టిన శ్రోత ఆమెకు తారసిల్లియుండలేదు!

"మీలాంటివాళ్లు ఉండబట్టే ఈ పని చేస్తున్నానండీ," అని ఆమె డూగల్ చేయి పట్టుకొని, "అందరికీ చెప్పను గానీ, మీకోసం ఆ వరద కథ వివరంగా చెబుతాను," అనెను.

చెప్పెను. మిక్కిలి వివరముగా చెప్పెను.

అప్పుడా మహావీరుడు తన అంతరంగమున ఇట్లు ఘోషించెను: "ఓయీ ఉదరాధోభాగవాసీ! తేనీటిచే బలిసి, సోడాచే పొంగి, ఏలికపైననే తిరుగబడుచున్న కృతఘ్నా! ఏ చిత్రశాలకై నేను బెత్తపు దెబ్బలు తింటినో, ఏ కప్పును గూర్చి నా దుకాణమున అసంఖ్యాక పాదములకు ఉపన్యసించితినో, అది ఇంక రెండు ద్వారముల దూరముననున్నది. రెండే ద్వారములు! అంతవరకు నీ వాహినులను ఆపితివా, నీకు జన్మమంతయు ఋణపడియుందును. ఆపవా, ఈ తుచ్ఛ గ్రెగర్ నోట నా పేరు ప్రతి పండుగ భోజనమునందును వినవచ్చును. ఆ యపకీర్తికంటె నూతిలో పడుట మేలు. వలదు! నుయ్యి మాట తలంపరాదు!"

ఈ దురవస్థను ఎఫీయు గ్రహించెను. ఎప్పుడును రాతిమీద కూర్చుండియుండు ఆమె లేచెను. ఏదో ఒక మిషతో మార్గదర్శినిచేతనే మరుగుదొడ్డి జాడ చెప్పించి, మర్యాద చెడకుండ భర్తను దాటింపదలచి, పెండ్లినాటినుండి ఏ కోటయందును ఎత్తని చేయి ఎత్తెను.

"నాదో సందేహమండీ. ఆ రోజుల్లో రాణిగారూ వాళ్లూ... ఒంటికి ఎక్కడికి వెళ్లేవాళ్లు?"

గ్రెగర్ నోరు తెరచెను. డూగల్ కృతజ్ఞతతో భార్యవంక చూచెను. శ్రీమతి ఓగిల్వీ వదనము వికసించెను.

"అబ్బ, ఎంత మంచి ప్రశ్న! రండి, చూపిస్తాను!"

అయ్యో, విధి! ఆమె చూపినది నేటి మరుగుదొడ్డి కాదు, నాటిది. గోడలోనికి తొలిచిన చిన్నగూటిలో ఒక రాతిపీఠము. దాని నడుమ గుండ్రని రంధ్రము. రంధ్రమున తొంగిచూచినచో క్రింద, బహుదూరమున, నురుగులు గ్రక్కు సముద్రము. రాజులు రాణులు కూర్చుండి కూర్చుండి ఆ రాయి నున్నగా మెరయుచుండెను.

జనులు ఒక్కొక్కరుగా చూచి ముందునకు సాగిరి. డూగల్ ఒక్కడే గూటియెదుట నిలిచిపోయెను. అడ్డుగా ఒక సన్నని త్రాడు మాత్రమే వ్రేలాడుచున్నది.

"బావా," అని గ్రెగర్ రహస్యముగా పలికెను. ఈసారి వాని కంఠమున కొంత నిజమైన జాలి ధ్వనించెను. "ఎవరూ చూడట్లేదు. నేను అడ్డంగా నిలబడతా. కానిచ్చేయ్. అది కట్టిందే అందుకు కదా!"

ధర్మసంకటమన నిది! ఒకవంక పోటు, ఒకవంక పీఠము. పూర్వులు ఏ కార్యమునకై దానిని నిర్మించిరో ఆ కార్యమే అతనికిప్పుడు కావలసియున్నది. కుడిచేయి త్రాటిపైకి పోయెను. వ్రేళ్లు త్రాటిని తాకెను. అంతలో, డన్‌ఫర్మ్‌లిన్ సమాధిపైన తడిగొడుగు ఆనించిన అపరిచితుని తానెట్లు గద్దించెనో అతనికి జ్ఞప్తికి వచ్చెను.

"లేదురా," అని డూగల్ వెనుకకు తగ్గెను. చెమట కనుబొమల నుండి కారుచుండెను. "అన్ని వందల ఏళ్ల రాయి అది. నేను చెప్పుల కొట్టువాణ్ణి. రాజుగారి కుర్చీ పాడుచేశానన్న పేరు నాకొద్దు."

గ్రెగర్ బావను తేరిపార చూచెను. అటుపై అతని మోచేయి పట్టి నడిపించుకొని పోయెను.

తుదకు చిత్రశాల ద్వారము! ఇనుపమేకుల తలుపు. శ్రీమతి ఓగిల్వీ తాళపుచెవిని ఎత్తిపట్టి, తాళమున పెట్టక, జనులవైపు తిరిగెను.

"లోపలికి వెళ్లేముందు ఈ కప్పు గురించి ఓ నాలుగు మాటలు చెప్పాలి."

నాలుగు మాటలు! డూగల్‌కు తెలియును, కోటలలో నాలుగు మాటలనగా నేమో. తన శంకలచేత ఎన్ని వేలమార్లు అట్టి నాలుగు మాటలను పురాణములుగా పెంచియుండెను! గోడకు వీపు నానించి, కన్నులెత్తి, ఆ మేకుల తలుపును చూచెను. బారెడు దూరము. బారెడే.

ఎఫీ అతని ప్రక్కకు వచ్చి మెల్లగా పలికెను. "వెళ్లు, డూగల్."

"ఇంకొక్క నిమిషం..."

"నీ వల్ల కాదు. మొహం చూసుకో. వెళ్లు."

"మళ్లీ రానివ్వరు, ఎఫీ." అతని కంఠము బాలునిదివలె నయ్యెను. "వచ్చే ఏడు ఏమవుతుందో."

"నేనున్నానుగా. నేను చూస్తాను."

"నీకు ఇవంటే పడదు కదా."

"పడదు. అయినా చూస్తాను. నీ కోసం అంగుళం అంగుళం చూస్తాను. ఇంటికెళ్లాక నువ్వెన్ని ప్రశ్నలడిగినా చెప్తాను. సరేనా?"

డూగల్ ఆమె రెండు చేతులు పట్టుకొనెను. "మధ్యలో అందరూ చూస్తారు. నువ్వు మూలలు చూడు. దూలాల పక్కన, చీకట్లో. పనివాళ్లు తమ సొంత బొమ్మలు అక్కడే వేసుకునేవాళ్లు. ఏనుగుంటుంది, దాని తొండం..."

"వెళ్లు ముందు!"

అంతట డూగల్ ఆబర్‌నెతి, జీవితస్వప్నమునకు వీపు జూపి, ప్రక్క బురుజు మెట్లపై లంఘించెను.

ఇక సమరము! అవి శంఖమువలె మెలితిరిగిన ఇరుకు మెట్లు. సగము దిగునంతలో క్రిందినుండి, బురుజు కొననెక్కి సముద్రము చూడనెంచిన పెర్త్‌షైర్ చర్చి మహిళామండలి సేన ఎదురయ్యెను. వానకోటులతో, సంచులతో, చేతికర్రలతో, ఒకరివెనుక నొకరు, అంతులేని వ్యూహము. బుజము తప్పించుకొను చోటు లేదు.

"అయ్యో, మీరు దిగండి బాబూ, మేం ఆగుతాం," అని ముందున్న వృద్ధ వనిత పలికెను.

"పర్లేదండీ, మీరే రండి," అని డూగల్ నోట, పుట్టుకతో అబ్బిన మర్యాద, ఆత్మరక్షణను గూడ లెక్కింపక, వెలువడెను.

"అలా ఎలా? మీరే ముందు."

"పెద్దవాళ్లు, మీరు రండి."

"మేం మెల్లిగా ఎక్కుతాం, మీకు ఆలస్యం అవుతుంది."

"అబ్బే, నాకేం తొందర లేదు," అని చెప్పి, చెప్పిన మరుక్షణమే డూగల్ గోడకు నుదురు కొట్టుకొనెను. ఆ శబ్దమునకు ఆమె అతని మొగము చూచెను. మోకాళ్లు చూచెను. మనుమలను పెంచిన అనుభవము గల తల్లి యగుటచే సర్వమును ఆకళించుకొనెను.

"అందరూ గోడకి అంటుకోండర్రా!" అని ఆమె క్రిందికి కేకవేసెను. "ఇతనికి అర్జెంటు!"

"ఏమిటంటా?" అని చెవుడు గల యొకతె అడుగున నుండి అడిగెను.

"ఒంటికటే!"

"పాపం! దారివ్వండి, దారివ్వండి!"

ఆ వార్త మెట్టు మెట్టుకును ప్రాకుచుండగా, దయార్ద్ర వచనముల నడుమ, సిగ్గుచే కాలుచు, సేనను చీల్చుకొని డూగల్ ముంగిట పడెను. ముంగిలి దాటి వంతెన. వంతెనపై గాలి. గాలి దాటి పచ్చిక. పచ్చిక నడుమ సన్నని దారి. దారికి సరిగ్గా నడుమ ఒక గొర్రె.

అది కదలలేదు. డూగల్ కుడికి మొగ్గగా అదియు కుడికి మొగ్గెను. ఎడమకు మొగ్గగా ఎడమకు మొగ్గెను. "తల్లీ, నీకు దండం పెడతా," అని డూగల్ చేతులు జోడించెను. గొర్రె అతనిని ఆపాదమస్తకము చూచి, ఒకమారు "మే" యని, తన లోకములోనికి తాను మరలిపోయెను.

అల్లదిగో! కారులు నిలుచుచోట, తుప్పుపట్టిన రేకు కప్పుతో, కైలాసమువలె కనుపట్టుచున్న మరుగుదొడ్డి! తలుపు తెరచుకొనెను. లోపల ఎవ్వరును లేరు. గడియ పడెను. డూగల్ ఆనందబాష్పములతో తన వానపంట్లాము బొందును లాగెను.

ముడి పడెను.

తడిసిన బొందు, ఉబ్బిన ముడి, మొద్దుబారిన వ్రేళ్లు. లాగినకొలది బిగియుచున్నది. సముద్రము వెలుపల హోరుమనుచున్నది, కుళాయి చుక్కచుక్కగా కారుచున్నది, గట్టు తెగు ఘడియ ఆసన్నమైనది.

"బావా! అయిందా?" అని వెలుపలినుండి కేక. గ్రెగర్! తాను కూడ చిత్రశాలను వదలి బావవెంట పరుగెత్తి వచ్చెను.

"బొందు ముడిపడిందిరా!"

"కత్తివ్వనా? తలుపు కింద నుంచి తోస్తా! కోసెయ్!"

"కోస్తే ఇంటిదాకా చేత్తో పట్టుకుని రావాలి! కాసేపు మాట్లాడకు!"

అప్పుడు డూగల్ దీర్ఘముగా శ్వాస తీసికొనెను. తానెవ్వడు? కర్కాడీలో బురదలో నానిన పిల్లల జోళ్ల త్రాళ్లను, తల్లులు విసిగి విడిచిన చిక్కుముళ్లను, కథ చెప్పుచు, ముడివంక చూడకయే విప్పినవాడు కాడా? బలము వలదు. ముడిని బెదిరింపరాదు. బొటనవ్రేలిగోటిని ముడి నడుమకు మెల్లగా జొనిపి, బిగిసిన దారమును తనవైపునకు గాక వెనుకకు నెట్టెను. అలవాటు చొప్పున పెదవులపై వంశావళి కదలెను. "మొదటి జేమ్సు... రెండవ జేమ్సు... మూడవ జేమ్సు..."

నాల్గవ జేమ్సు దగ్గర ముడి సడలెను.

అటుపై జరిగినదానిని వర్ణింప కవులకు శక్యము కాదు, మర్యాదయు కాదు. జలాశయ ద్వారములెత్తిన మాడ్కి మహాధ్వని యొకటి రేకుకప్పును తాకెననియు, అది చాలసేపు ఆగలేదనియు, ఆగిన పిదప మరల మొదలయ్యెననియు, వెలుపలనున్న గ్రెగర్ టోపీ తీసి గౌరవముగా నిలిచెననియు మాత్రము చెప్పుదును. తలుపు తెరచి వెలికి వచ్చిన డూగల్ మొగమునగల శాంతిని చూచి, వాడు సిద్ధముచేసికొన్న పరిహాసములన్నియు మరచిపోయెను.

"గెలిచావా బావా?"

"గెలిచానురా."

"పై తింటావా? అదిగో ఆ బండిలో వేడిగా అమ్ముతున్నారు."

ఇరువురును గోడవార తడిబల్లపై కూర్చుండి తినిరి. తినుచు డూగల్ కోట పైయంతస్తు కిటికీవంక చూచుచుండెను. అక్కడ, ఆ గాజులవెనుక, ఎప్పటి కల! గ్రెగర్ తన పైలో మిగిలిన సగమును బావచేతిలో పెట్టెను.

చాలసేపటికి ఎఫీ వచ్చెను. నడుచుట లేదు, దాదాపు పరుగెత్తుచుండెను. మెడ పట్టివేసినందున తల ఒకప్రక్కకు వంగియుండెను. వచ్చి భర్తప్రక్కన కూలబడి, ఊపిరి తీసికొనకయే మొదలుపెట్టెను.

"ఏనుగు ఉంది డూగల్. తొండం కాదు, అది బాకా. చివర ఇంత వెడల్పుగా. కాళ్లకి ఆవు గిట్టలు. ఏనుగుని ఎప్పుడూ చూళ్లేదు వాడెవడో. సింహం మొహం అచ్చం పక్కింటి పిల్లిలా ఉంది, పాలు దొంగిలించి దొరికిపోయినట్టు. రంగు ఎరుపు కాదు, ఇటుక రంగు. ఆకులు మాత్రం నీ బూట్ల పాలిష్ డబ్బా మీదుండే పచ్చ."

"దూలాల పక్కన..."

"ఆగు, అక్కడికే వస్తున్నా. నువ్వు మూలలు చూడమన్నావు కదా? చూశాను. కింద పడుకుని చూశాను."

"నేల మీదా?"

"నేల మీదే. ఆ ఎర్రటోపీ ఆయన నా మీంచి దాటుకుని వెళ్లాడు. కిటికీ పక్క మూలలో, దూలం నీడలో, ఇంత చిన్న మనిషి బొమ్మ. చేతిలో రంగు కుంచె ఉంది. అయితే మనవైపు తిరిగి లేడు. గోడవైపు తిరిగి నిలబడ్డాడు. కాళ్లు ఎడంగా." ఎఫీ పకపక నవ్వజొచ్చెను. "వాడి ముందు సన్నగా పసుపు గీత!"

డూగల్ చేతిలోని పై జారి ఒడిలో పడెను. "అంటే..."

"అదే! ఆవిడకి చూపించాను. ఇన్నేళ్లుగా ఎవరూ గమనించలేదట. కళ్లద్దాలు మార్చి మార్చి చూసింది. చివరికి, 'బహుశా ఆ రోజు పని మధ్యలో ఆపనిచ్చి ఉండరు' అంది."

మువ్వురును నవ్విరి. గాలి ఆ నవ్వులను గొర్రెల మీదికి మోసికొనిపోయెను. డూగల్ కన్నులు తుడుచుకొని, భార్య వంగిన మెడను రెండు చేతుల సవరించుచు, గొంతు సవరించుకొనెను.

"ఎఫీ, నాదో చిన్న సందేహం. ఆ పసుపు గీత ఏ వైపుకి..."

"అడుగు," అనెను ఎఫీ. "ఎన్ని కావాలంటే అన్ని అడుగు."

ఆ సాయంకాలము క్రెయిగ్‌డోరన్ దుర్గ ప్రాంగణమున ఏ రాజ్యమును చేతులు మారలేదు. ఏ ధ్వజమును ఎగురలేదు, ఏ ధ్వజమును కూలలేదు. చరిత్రకారులు వ్రాసికొనదగిన దొక్కటియు జరుగలేదు. ఐనను వినుడు, సముద్రమా, గొర్రెలారా, పెర్త్‌షైర్ మహిళామణులారా! కర్కాడీ పురవాసి, జోళ్ల వర్తకుడు, ఎఫీ వల్లభుడు డూగల్ ఆబర్‌నెతి, చేరవలసిన చోటికి, చేరవలసిన వేళకు, ఒక్క చుక్కయు ముందుగా పడకుండ చేరెను!